వదిన మాట వచ్చేలోగా

తదియ, పోటు తగ్గి నీరు తీసే వేళ

ఈ కంప్యూటరు డబ్బాను ఏట్లో పారేయాలనిపించింది ఇవాళ. పారేస్తే పున్నమినాటి విచారణలో మా వదిన నోరు లేని మనిషిగానే నిలబడాలి, కంపెనీ చెప్పిందే నిజమైపోవాలి. అందుకే పారేయలేదు. ఆ కోపాన్ని ఎక్కడో ఒకచోట పెట్టుకోవాలి గనక ఈ పుస్తకంలో రాస్తున్నాను.

నా పేరు గంగాభవాని. తీరం మునిగాక నీళ్ల మీద తేలేలా కట్టిన తేలువాడలో ఉంటాను. పంపులు బాగుచేస్తాను. ఇంట్లో ఇప్పుడు ఇద్దరమే, నేనూ, మా అన్న సత్తిబాబు భార్య నూకరత్నమూ. పోయిన వానల్లో మంచినీళ్ల కార్ఖానాలో క్లోరిన్ గ్యాసు లీకైంది. తొట్ల గదిలో పనిచేస్తున్న ముగ్గురూ పోయారు. ఆ గది బయట నడవలో మా అన్న పోయాడు. అన్న పక్కనే ఉన్న వదిన బతికింది గానీ, గొంతు లోపల కాలిపోయింది. పెదవులు కదులుతాయి, శబ్దం రాదు.

తలుపులు తుప్పు పట్టి బిగుసుకుపోయాయని కార్ఖానా నడిపే కంపెనీ అంటోంది. నడవ తలుపుకు బయటినుంచి తాళం వేశారని వదినకు తెలుసు. లోపలినుంచి ప్రాణాలతో వచ్చింది ఆవిడొక్కతే. రాసిచ్చిన కాగితం విచారణలో చెల్లదు. రాతలన్నీ యంత్రాలే రాసే కాలం వచ్చాక కాగితాన్ని నమ్మడం మానేశారు. మనిషి ఎదురుగా నిలబడి నోటితో చెప్పాలి. గొంతు పోయినవాళ్లు గొంతుపట్టీ కట్టుకోవచ్చు. మెడ కండరాల కదలికను బట్టి కంప్యూటరు మాట పలికిస్తుంది. ఆ కంప్యూటరు మాత్రం బయటి వైరు లేకుండా బల్ల మీద అందరికీ కనబడాలి, అందులో వార్డు ఆఫీసు ముద్ర ఉన్న సిస్టమే ఉండాలి. పెదవి కదిలిన వెంటనే మాట రావాలి. ఆలస్యమైతే మధ్యలో ఇంకెవరో మాట మారుస్తున్నట్టు లెక్క. సాక్ష్యం కొట్టేస్తారు.

అందుకని పాత సామాన్ల పడవలో మస్తాన్ దగ్గర ఈ డెస్క్‌టాప్ కొన్నాను. నిన్న ఆఫీసుకు మోసుకెళ్లి, పాతదంతా తుడిపించి, కొత్త సిస్టం ఎక్కించుకుని వచ్చాను. ఇవాళ పొద్దున వదిన పట్టీ కట్టుకుని నా వెనకనుంచి ఏదో అంది. నేను చూడలేదు. పొయ్యి వెలిగించాను. బియ్యం కడిగాను. ఎసరు పెట్టాను. అప్పుడు పలికింది స్పీకరు, రేవులో పడవల వేళలు చెప్పే ఆడమనిషి గొంతుతో, మా వదిన యాసలో.

"పొయ్యి ఎలిగించకే. గ్యాసు వాసనొత్తంది."

తిరిగి చూస్తే వదిన గోడకు అతుక్కుపోయి ఉంది. పొయ్యి ఆర్పాను, ట్యూబు బిగించాను, ఆ డబ్బాను కాలితో తన్నాను. నా బొటనవేలు వాచింది. డబ్బాకేమీ కాలేదు.

చవితి, పోటు

కొత్త సిస్టం కదా, సర్దుకోవడానికి టైము పడుతుందేమోనని నిన్నంతా ఆన్‌లోనే వదిలేశాను. ఏమీ సర్దుకోలేదు. ఇవాళ పనికి పోకుండా దాని ముందు కూర్చున్నాను. అడక్కుండా ఎక్కించినవన్నీ తీసేయడం మొదలుపెట్టాను. పేకాట తీసేశాను. చేపల ధరల పట్టిక తీసేశాను. ప్రతి పండక్కీ కంపెనీ శుభాకాంక్షలు చెప్పే బొమ్మ ఒకటుంది, అది నవ్వుతూ "నిజంగా తొలగించమంటారా" అని అడిగింది. అవునని నొక్కాను. మళ్లీ అడిగింది. ఈ ఊళ్లో నలుగురు చచ్చిపోతే నోరు మెదపని కంపెనీకి, బొమ్మను తీసేస్తుంటే మాత్రం ఎంత బెంగో.

సాయంత్రం పక్కింటివాళ్లు చూడ్డానికి వచ్చారు. వదిన వాళ్లతో ఏదో చెప్పబోయింది. స్పీకరు ఉలకదు, పలకదు. వాళ్లు ఇబ్బందిగా కూర్చున్నారు. వదిన పెదవులు చదవడం నాకు అలవాటే కాబట్టి, ఆవిడ మొదలుపెట్టిన మాట నేనే అందుకుని పూర్తిచేశాను. రెండోసారీ అలాగే చేశాను. వదిన మెడ మీది పట్టీ విప్పి మంచం మీద పడేసి లోపలికి వెళ్లిపోయింది.

డబ్బా మీద కోపం వచ్చిందనుకున్నాను.

షష్ఠి, నీరు తీసే వేళ

పాత సామాన్ల పడవ రేవుకు వచ్చింది. మా రేవుకు మా అన్న పేరే పెట్టారు, సత్తిబాబు రేవని. తొట్ల గదిలోవాళ్లను కాపాడబోయి చచ్చిపోయాడని ఊరంతా కలిసి బోర్డు కట్టారు. ఆ బోర్డు కిందే నిలబడి మస్తాన్‌ను నానా మాటలూ అన్నాను. చచ్చిన పెట్టెను అంటగట్టావన్నాను. మూగమనిషి ఉసురు తగులుతుందన్నాను. మస్తాన్ పెద్దవాడు. నేను అలిసేదాకా విని, డబ్బాను పడవలోకి తీసుకుని, స్క్రూలు విప్పాడు.

మూత తీస్తే లోపల బూజులా దుమ్ము. ఉప్పుగాలికి ఆ దుమ్ము గట్టిపడి ఫ్యాను రెక్కల మధ్య పెచ్చులు కట్టింది. ప్రాసెసరు మీద వేడిని లాగే పేస్టు ఎండి రాలిపోతోంది.

"నేను లోపల సూడకుండా అమ్మేను, అది నా తప్పే," అన్నాడు మస్తాన్. "ఏడెక్కిపోతే ఇది తన్ను తాను కాపాడుకోవడానికి నెమ్మదిస్తదమ్మా. ఎండలో కూలోడు గొడుగు కింద కూకున్నట్టు."

బ్రష్షుతో దులిపి, ఊది, కొత్త పేస్టు రాసి బిగించాడు. పాత తిరుగుడు డిస్కు తీసేసి, తన దగ్గరున్న చిప్పు డిస్కు పెట్టాడు. డిస్కు మారింది కాబట్టి మళ్లీ ఆఫీసుకు వెళ్లి మళ్లీ సిస్టం ఎక్కించుకోవాల్సి వచ్చింది. పోన్లే అనుకున్నాను. ఇంటికొచ్చి మీట నొక్కితే చూస్తుండగానే తెర వెలిగింది. నవ్వొచ్చింది నాకు. వదిన కూడా నవ్వుతూ పట్టీ కట్టుకుంది.

"నా పేరు నూకరత్నం," అని పెదవులు కదిపింది.

ఇద్దరం స్పీకరు వైపు చూస్తూ నిలబడ్డాం. ఇద్దరి నవ్వులూ ఆరిపోయాక వచ్చింది ఆ పేరు.

అష్టమి, మధ్యాహ్నం

దొంగ దొరికాడు.

లోపల నడుస్తున్న పనులన్నీ చూపించే పట్టిక ఒకటుంటుంది. తెరిచి చూడాలని ఇవాళే తట్టింది. వదిన గొంతు తయారుచేసే ప్రోగ్రాము అడుగున ఎక్కడో ఉంది. అన్నింటికన్నా పైన, ప్రాసెసరులో చాలా భాగం మింగుతూ, 'సహకారం' అని ఒకటుంది. ఆపు అని నొక్కితే ఆగింది. కళ్లార్పేలోగా మళ్లీ వచ్చి కూర్చుంది. మళ్లీ ఆపాను, మళ్లీ వచ్చింది.

డబ్బాను నెత్తిన పెట్టుకుని వార్డు ఆఫీసుకు వెళ్లాను. అక్కడ సిస్టం ఎక్కించే శేషఫణి అనే ఆయన మెత్తగా మాట్లాడతాడు, అందుకే ఇంకా ఒళ్లు మండుతుంది. తేలువాడలో ముద్ర ఉన్న ప్రతి కంప్యూటరూ తన ఖాళీ శక్తిని కంపెనీకి ఇవ్వాలట. నీళ్ల వడపోత లెక్కలన్నీ ఇళ్లలోని కంప్యూటర్లే కొంచెం కొంచెం చేసిపెడతాయట. వైరు పీకేసినా ముందే దింపుకున్న లెక్కలు చేస్తూనే ఉంటాయట. దానివల్లే ఊరికి నీళ్లు చవకగా వస్తున్నాయని చెప్పాడు.

ఖాళీ శక్తి తీసుకోమనండి, మా వదిన మాట్లాడేటప్పుడు కూడా ఎందుకు తింటోందని అడిగాను. సిస్టం దృష్టిలో గొంతు ప్రోగ్రాము అత్యవసరమైన పని కాదని అన్నాడు. వడపోత అత్యవసరమట. తీసేయమన్నాను. తీసేస్తే ముద్ర చెరిగిపోతుంది, ముద్ర లేకపోతే విచారణలో ఆ యంత్రాన్ని ఒప్పుకోరు.

"అంటే మా అన్నను చంపిన కంపెనీ మీద మా వదిన సాక్ష్యం చెప్పాలంటే, ముందు ఆ కంపెనీ లెక్కలు చేసిపెట్టాక, మిగిలిన దాంతో చెప్పుకోవాలి. అంతేగా?"

శేషఫణి తల దించుకున్నాడు. "నేను పెట్టిన రూలు కాదమ్మా," అన్నాడు.

ఎవరినడిగినా ఆ మాటే చెబుతారు. రూలు పెట్టినవాడు మాత్రం ఒక్కడూ ఎదురుపడడు. డబ్బా ఎత్తుకుని బయటికి వచ్చేటప్పుడు ఆఫీసు తలుపు ఎంత గట్టిగా వేశానంటే, పైనున్న గడియారం కింద పడింది. పడనీ.

ఏకాదశి, పోటు తగ్గాక

మధ్యలో రెండు రోజులు రాయలేదు. రాయడానికి తిట్లు తప్ప ఏమీ లేవు.

ఇవాళ వదినకు ఒక మాట చెప్పాను. యంత్రం ఎలాగూ పనిచేయదు, విచారణలో నువ్వు పెదవులు కదుపు, నేను చదివి పలుకుతాను అన్నాను. అనుమతి అడుగుదాం, ఒప్పుకోకపోతే అరుద్దాం, నువ్వేం చెప్పాలనుకున్నావో నాకు తెలుసు కదా అన్నాను. మెడకు పట్టీ కట్టుకునే ఉన్న వదిన వద్దని తలూపింది. ఎందుకు వద్దని నేను గొంతు పెంచాను. ఉప్పుపొడి పడకుండా ఉంటుందని డబ్బా మీద ఒక గోనెగుడ్డ కప్పి ఉంచాను. చేతులు ఊపుతూ అరుస్తుంటే అది జారి, వెనక గాలి పోయే కంత మీద పడినట్టుంది. నేను చూసుకోలేదు. అన్న కోసం నేను ఎంత చేస్తున్నానో, నువ్వు ఏమీ పట్టనట్టు ఎలా ఉన్నావో అంటూ నోటికొచ్చినట్టల్లా మాట్లాడుతున్నాను.

"నువ్వు ఆగు."

స్పీకరులోంచి వచ్చింది. వదిన పెదవులు ఇంకా కదులుతున్నాయి, మాటలు వాటితో కలిసి వస్తున్నాయి.

"నానేటి సెప్తానో నీకు తెల్దు. తెల్సనుకుంటావు. నాను నోరు తెరిసేలోగా నువ్వే సెప్పేత్తావు. పక్కింటోళ్లకీ నువ్వే సెప్పేత్తావు. గొంతు పోయింది నాకు, బుర్ర పోలేదు."

వదిన కూడా ఆగిపోయింది. తన మాట తనకు అంత వెంటనే వినపడేసరికి భయపడ్డట్టు మెడ మీద చెయ్యి పెట్టుకుంది.

నేను తెర దగ్గరికి పరిగెత్తాను. మూల ఒక చిన్న చీటీ కనపడుతోంది: 'వేడి కారణంగా సహకారం విరామంలో ఉంది.' యంత్రం పాడవకుండా, ఒక హద్దు దాటి వేడెక్కితే కంపెనీ పని ఆగిపోతుందన్నమాట. వదిన గొంతు పని ఆగదు. దుమ్ముతో నిండినప్పుడు మరీ కాగి ప్రాసెసరే నెమ్మదించింది. శుభ్రంగా ఉన్నప్పుడు కంపెనీ మింగేసింది. ఆ రెంటికీ మధ్య సన్నటి సందు ఒకటుంది. ఆ సందులో మా వదిన గొంతుంది.

సంతోషం వేయాలి. వేయలేదు. ఒక మనిషి మాట్లాడాలంటే యంత్రం ఒళ్లు కాలాలా అని కోపం వచ్చింది. వదిన అన్న మాటలకూ కోపం వచ్చింది. అన్నం తినకుండా పడుకున్నాను.

చతుర్దశి

గుడ్డ ఎంత కప్పాలో, ఎప్పుడు ఎత్తాలో అలవాటు చేసుకున్నాను. కంత దగ్గర అరచెయ్యి పెడితే తెలుస్తుంది. చెయ్యి ఉంచలేనంత కాగితే ఎత్తాలి, హాయిగా ఉంటే దించాలి. మస్తాన్ వచ్చి చూసి, ఎక్కువసేపు ఇలా నడిపితే కాలిపోతుంది అన్నాడు. రేపటి వరకు బతికితే చాలన్నాను.

ఏం చెప్పబోతున్నావో ఒకసారి నా ముందు చెప్పమని వదినను అడిగాను. అక్కడే చెబుతానంది.

పున్నమి, నిండు పోటు

విచారణ పడవ పున్నమి పోటుకే మా దాకా రాగలదు. మెరక ఊరినుంచి వచ్చిన విచారణాధికారి నెరిసిన జుట్టు ఆడమనిషి, తక్కువ మాట్లాడుతుంది. వార్డు హాలు నిండిపోయింది. తొట్ల గదిలో పోయినవాళ్ల ఇంటివాళ్లు ముందు వరసలో ఉన్నారు. కార్ఖానా సూపర్‌వైజరు భాస్కరమూర్తి ఇస్త్రీ చొక్కాతో, కంపెనీ వకీలు పక్కన కూర్చున్నాడు.

యంత్రం చూసుకునే మనిషిగా నన్ను బల్ల వెనక నిలబడనిచ్చారు. ఆ గుడ్డ దేనికని వకీలు అడిగాడు. వేడిగా ఉంటేనే ఇది పనిచేస్తుందని చెప్పాను. అధికారి లేచి వచ్చి గుడ్డ ఎత్తి చూసింది, ముద్ర చూసింది, వైర్లు చూసింది. తర్వాత తాను అన్న మాటల్ని వదినను తిరిగి అనమంది. వదిన అంది. పెదవితో పాటే మాట వచ్చింది. సాక్ష్యం చెప్పొచ్చు అంది అధికారి.

వదిన నిలబడి మొదలుపెట్టింది. గ్యాసు వాసన రావడం, అలారం మోగకపోవడం, నడవలో తను, మా అన్న. నడవ గోడ మీద ఫోను మోగడం. ఇదంతా నాకు తెలిసిందే. తరవాతది బయటి తలుపు తాళం సంగతి అనుకున్నాను.

"మూర్తి గారు ఫోన్లో తొట్ల గది తలుపు మూసెయ్యమన్నారు," అంది వదిన. "లోపల మనుసులున్నారండి అన్నాడు మా ఆయన. మూసెయ్ అన్నారు. మూయకపోతే గ్యాసు ఊరి మీదికి పోద్ది అన్నారు. మా ఆయన తలుపు సక్రం తిప్పి మూసేసేడు. లోపల్నించి కొట్టేరు. తియ్యమని నాను సెయ్యి పట్టుకు లాగేను. తియ్యలేదు."



నా చెయ్యి గుడ్డ మీద ఉంది. కంపెనీ మీద ఇన్నాళ్లూ పెంచుకున్న కోపమంతా ఆ క్షణంలో మా వదిన మీదికి తిరిగింది. అబద్ధమని అరవాలనిపించింది. కానీ ఆవిడ అబద్ధం ఆడదు. గుడ్డ ఎత్తేస్తే చాలు. చల్లబడుతుంది, సహకారం లేస్తుంది, మాట వెనకబడుతుంది, సాక్ష్యం కొట్టేస్తారు. మా అన్న పేరు రేవు మీద అలాగే ఉంటుంది. ఎవరూ నన్ను తప్పుపట్టరు, పాత యంత్రం మొరాయించిందనుకుంటారు.

వదిన నా వైపు చూసింది. నేనేం ఆలోచిస్తున్నానో ఆవిడకు తెలిసింది. బతిమాలినట్టు చూడలేదు, బెదిరించినట్టూ చూడలేదు. నేను ఏం చేస్తే అది చేయమన్నట్టు చూసి, అధికారి వైపు తిరిగి మళ్లీ మొదలుపెట్టింది.

ముందు వరసలో పేరంటాలమ్మ అనే ముసలావిడ లేచి నిలబడింది. తొట్ల గదిలో పోయిన సింహాచలం తల్లి. తన కొడుకు ఎలా పోయాడో ఆవిడకు ఇవాళే తెలుస్తోంది. ఆ మాట మధ్యలో ఆగితే ఆవిడ ఏమైపోతుందో అనిపించింది. గుడ్డ ఎత్తలేదు. కంతకు ఇంకా గట్టిగా అదిమాను. అరచెయ్యి కాలింది.

"తరవాత మేం బయటి తలుపు కాడికి ఎల్లేం," అంది వదిన. "దానికి బయట తాళం ఏసుంది. అద్దంలోంచి మూర్తి గారు కనపడ్డారు. తాళంసెవి ఆయన సేతిలో ఉంది. మా ఆయన ఆయన్ని సూసి సేతులు జోడించేడు. ఆయన ఎల్లిపోయేరు. మా ఆయన సొక్కా తడిపి నా మొకానికి కట్టేసేడు. తనకేటీ కట్టుకోలేదు."

వకీలు లేచి ఏదో అనబోయాడు. అధికారి కూర్చోమంది. ఇంకేమైనా చెప్పేదుందా అని వదినను అడిగింది. లేదంది వదిన. ఆ తర్వాత డబ్బాలోంచి కాలిన వాసన వచ్చింది. నేను గుడ్డ లాగేసేసరికి తెర నల్లబడిపోయింది.

బహుళ తదియ

భాస్కరమూర్తిని విచారణ పడవలోనే తీసుకెళ్లారు. కార్ఖానా ఫోను రికార్డులు సీలు చేశారు. తుప్పు కథ చెప్పడం కంపెనీ మానేసింది. గెలిచామని మస్తాన్ అన్నాడు.

రేవు బోర్డు మీద మా అన్న పేరుకు ఎవరో తారు పూశారు. పోయి తుడిచేద్దామని కిరసనాయిలు తీసుకుని బయల్దేరి, సగం దారిలో వెనక్కి వచ్చాను.

వదినతో మాట్లాడటం లేదు. ఇద్దరం ఒకే కుండలో అన్నం తింటున్నాం, అంతే. నిన్న ఉండబట్టలేక, నాకు ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను.

వదిన పెదవులు కదిపింది. "సెప్తే ఆ గుడ్డ పట్టుకుందువా?"

 అవునని చెప్పలేకపోయినందుకు ఒళ్లు మండింది.

ఇవాళ సాయంత్రం పేరంటాలమ్మ వచ్చింది. గుమ్మం దగ్గరే నిలబడింది. తిట్టడానికి వచ్చిందనుకున్నాను, తిడితే పడదామనే అనుకున్నాను. ఆవిడ తిట్టలేదు. లోపలికి వచ్చి వదిన ఎదురుగా నేల మీద కూర్చుంది.

"మా వోడు ఏటైనా అన్నాడా అమ్మా?" అంది. "ఆకరికి?"

వదిన నన్ను చూడలేదు. ముసలావిడ కళ్లలోకి చూస్తూ పెదవులు కదిపింది, నెమ్మదిగా. పేరంటాలమ్మకు అర్థం కాలేదు. నా వైపు తిరిగింది.

ఏమీ అనలేదంటే సరిపోయేది. అమ్మా అన్నాడంటే ఇంకా బాగుండేది. ఆవిడకు పెదవులు చదవడం రాదు. నేను వదిన పక్కన కూర్చున్నాను. మాట అందుకోలేదు, ముందుకు పోలేదు. పెదవి కదిలాకే ఒక్కో మాటా పలికాను.

"పేరెట్టి పిలిసేడు పిన్నీ. సత్తిబాబన్నా, తలుపు తియ్యి అన్నాడు. మళ్లీ మళ్లీ అన్నాడు."

పేరంటాలమ్మ చీర కొంగు నోట్లో కుక్కుకుంది. వదిన ఆఖరి మాట అంది. నా మొగుడు తియ్యలేదు, అంది.

"మా అన్న తియ్యలేదు," అన్నాను.